అమ్మని ఇల్లు, పెట్టని సంతకం

మన డయాస్పోరా కథల్లో తరచూ కనిపించే ఘట్టం ఒకటుంది. అమెరికా నుంచో కెనడా నుంచో వచ్చిన కొడుకు, బేరం కుదిరిన ఇంటి తాళం తీస్తాడు. నాన్న పడక్కుర్చీ, అమ్మ రుబ్బురోలు, పెరట్లో కొబ్బరిచెట్టు కనిపిస్తాయి. చివరి పేరాలో బయానా వెనక్కి ఇచ్చేస్తాడు. పాఠకుడి కళ్ళు చెమరుస్తాయి.

ఈ ముగింపంటే నాకు ఒళ్ళుమంట. ఎందుకంటే ఆ కొడుకుని నేనే. ఉండేది టొరంటోలో. పలాస దాటి వజ్రపుకొత్తూరు వైపు వెళ్తే మా తాతగారి పెంకుటిల్లు, రెండెకరాల జీడి, కొబ్బరి తోట. అమ్మాలా వద్దా అని మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఏళ్ళుగా చర్చ. రెండేళ్ళకోసారి డిసెంబర్లో వచ్చి పదిరోజులుంటాం. ఉన్నమాట చెప్పుకోవాలంటే, అది మాకు సెలవుల విడిది.

అమ్మొద్దనేవాళ్ళ మాటలో పస లేకపోలేదు. కెనడా పౌరసత్వం తీసుకున్నా, వారసత్వంగా వచ్చిన సాగుభూమి ఉంచుకోవచ్చు. ఒకసారి అమ్మేస్తే మాత్రం, విదేశీ మారక నిబంధనల వల్ల మళ్ళీ సాగుభూమి కొనుక్కోవడానికి మామూలుగా వీల్లేదు. ఆ భయం న్యాయమైనదే.

కానీ ఈ చర్చలోనూ ఆ కథల్లోనూ ఒక మనిషి కనబడడు. తోట చేస్తున్నవాడు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం తోటలు వేళ్ళతో సహా పడిపోయాయి. మేం ఫొటోలు చూసి ఏడ్చాం. పడిన చెట్లు కోయించి, మొక్కలు నాటి, వాటికి నీళ్ళు మోసింది మా కౌలుదారు. నాటు కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. ఆ ఏళ్ళు అతనివి. పాసుపుస్తకం మాది.

2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల ఒప్పందం. హక్కు పంట వరకే, భూమి జోలికి రాదు. ఆ కార్డుంటే కౌలు రైతు పంట రుణం, బీమా, తుఫానొస్తే పరిహారం అడగొచ్చు. అయితే కార్డుకి యజమాని సంతకం కావాలంది చట్టం. మేం పెట్టలేదు. "రేపు భూమే నాదంటే?" అన్నాడు మా బాబాయ్. అందరం తలూపాం. నేనూ ఊపాను.

కిందటిసారి వెళ్ళినప్పుడు కౌలుదారు ఒకే మాటన్నాడు: "అమ్మితే అమ్మీండి బాబూ. నేదంటే ఆ కాయితం మీద సంతకవైనా ఎట్టండి."

ఇక్కడ వాంకూవర్ 2017 నుంచి ఖాళీ ఇళ్ళ మీద పన్ను వేస్తోంది. తర్వాత టొరంటో కూడా మొదలెట్టింది. ఇంట్లో మనుషులుంటున్నారని ఏటా డిక్లరేషన్ ఇవ్వాలి. ఇవ్వకపోతే ఖాళీ కిందే లెక్క. నేను ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుని మరీ ఇస్తాను. రెండు నిమిషాల పని. ఊళ్ళో సంతకానికి ఇన్నేళ్ళూ తీరిక దొరకలేదు.

అప్పునీ భూమినీ లెక్కగట్టి 'యజ్ఞం' రాసిన కారా మాస్టారి జిల్లా మాది. అక్కణ్ణుంచి వచ్చి రుబ్బురోలు దగ్గరే ఆగిపోయే కథలు రాస్తే, చదివి కళ్ళు తుడుచుకుంటే, లెక్క ఎగ్గొట్టినట్టే.

అమ్మదలుచుకుంటే ముందు సాగుచేస్తున్నవాణ్ణి అడగండి. వాయిదాలకు ఒప్పుకోండి. ఉంచుకోదలుచుకుంటే సంతకం పెట్టండి. రెండూ చెయ్యకుండా దాన్ని ఊరి మీద ప్రేమ అనకండి. దూరం సాకు చెల్లదు. పవర్ ఆఫ్ అటార్నీకి కాన్సులేట్‌లో ధ్రువీకరణ దొరుకుతుంది.

నేను అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. నా తరఫున సంతకం పెట్టమని బాబాయ్‌కి మెసేజ్ పెట్టాను. చూశాడు. ఇంకా జవాబివ్వలేదు.