పాపం కడుక్కున్న చోట

రామేశ్వరం వెళ్లొచ్చినవాళ్లను పలకరిస్తే మొదట చెప్పేది దర్శనం సంగతి. క్యూలో ఎంతసేపు నిలబడ్డారు, గుళ్లోని 22 తీర్థాలూ పూర్తయ్యాయా, గది శుభ్రంగా ఉందా, మన భోజనం దొరికిందా. ఊరెలా ఉందని అడిగేవాళ్లూ ఉండరు, చెప్పేవాళ్లూ ఉండరు. అదొక చిన్న దీవి అనీ, 2011 జనాభా లెక్కల నాటికి 45 వేల లోపు జనం ఉన్న ఊరనీ మనకు తట్టదు. తట్టలేదనడం కూడా పూర్తిగా నిజం కాదేమో. పాంబన్ వంతెన మీద రైలు కిటికీకి అతుక్కుపోయి సముద్రాన్ని చూసినవాళ్లమే. రెండ్రోజులుండి పోయేవాళ్లం, మనకెందుకులే అనుకున్నాం.

మన తాతముత్తాతలకు కాశీ, రామేశ్వరం రెండూ కలిస్తేనే ఒక యాత్ర. ఇక్కడ ఇసుకతో లింగం చేసి పూజించి, ఆ ఇసుకను తీసుకెళ్లి గంగలో కలిపేవారు. గంగాజలం తెచ్చి రామనాథస్వామికి అభిషేకం చేయించేవారు. వాళ్లు మనకంటే మంచివాళ్లని చెప్పను. వాళ్ల చేతుల్లో ప్లాస్టిక్ సీసాలు లేవు, వచ్చేవాళ్లూ కొద్దిమందే. తేడా అంతమాత్రమే కావచ్చు. 1914లో రైలు వంతెన, 1988లో రోడ్డు వంతెన, 2025లో కొత్త రైలు వంతెన వచ్చాయి. దారి వద్దని నేననలేను. ఆ దీవిలో జబ్బుచేసిన మనిషి మదురై ఆసుపత్రికి చేరాలన్నా ఆ దారే కావాలి. కానీ దారి సులువైనకొద్దీ ఆ ఊరి మీద మనకు మర్యాద తగ్గింది.

అగ్నితీర్థం దగ్గర పొద్దున్నే చూడండి. తూర్పు గోపురానికి ఎదురుగా, పెద్దగా అలలు లేని సముద్రం. మునిగి లేచి, కట్టుకున్న బట్ట అక్కడే వదిలేస్తే దోషం పోతుందని ఎవరో చెప్పారు. ఎవరు చెప్పారో ఎవరికీ గుర్తులేదు. పంచెలు, చీరలు, చిన్నపిల్లల గౌన్లు నీళ్లలో కాళ్లకు చుట్టుకుంటాయి. నైలాను చీర ఇసుకలో సగం కూరుకుపోయి, కొంగు మాత్రం నీటితోపాటు ఊగుతుంటుంది. దాన్ని పట్టి లాగితే కిందనుంచి ఇంకో బట్ట వస్తుంది. లాగేది మనం కాదు, పారిశుద్ధ్య కార్మికులు. వాళ్లు తడిమూటలు గట్టుకు చేరవేస్తుంటే పక్కనుంచే మనం గుళ్లోకి వెళ్లాం. మా గుంపులో ఒకావిడ బట్ట వదులుతుంటే వద్దండీ అనాలనిపించింది. పెద్దావిడ, అంత దూరం నుంచి వచ్చింది, ఆవిడ మనసు నొప్పించడమెందుకని ఊరుకున్నాను. ఊరుకున్నది నేనొక్కణ్ణే అయితే బాగుండేది. బస్సులో వచ్చినవాళ్లందరం ఊరుకున్నాం. అలాంటి బస్సులు రోజూ వస్తాయి.

ఇంతకంటే కంటికి కనపడనిది నీళ్ల సంగతి. దీవి కొసనున్న ధనుష్కోటి వైపు మత్స్యకారుల గుడిసెల దగ్గర ఆడవాళ్లు ఇసుకలో చెలమ తవ్వుతారు. సముద్రం కూతవేటు దూరంలోనే ఉంటుంది. గొయ్యి కాస్త లోతు తీసేసరికి అడుగున నీళ్లు ఊరతాయి. అడుగు కలగకుండా గిన్నెతో కొద్దికొద్దిగా తోడి బిందెలో పోసుకుంటారు. తియ్యటి నీళ్లు. వాననీరు ఇసుకలో ఇంకి, ఉప్పునీటికంటే తేలిక కాబట్టి దాని మీద పొరగా నిలుస్తుంది. గిన్నెతో తోడుకుంటే ఆ పొర మిగులుతుంది. మోటారు పెట్టి లాగితే కిందున్న ఉప్పు పైకొస్తుంది. ఇది తెలియదని తెలుగువాళ్లం అనలేం. బాపట్ల, చీరాల ఇసుకనేలల్లో దొరువులు తవ్వి, ఆ నీళ్లతో మొక్కలు బతికించుకున్న రైతులు మనవాళ్లే. అయినా అక్కడ గదిలో దిగగానే షవర్ తిప్పాం. నీళ్లు ఉప్పగా తగిలితే కౌంటర్ దగ్గరికెళ్లి గొడవపడ్డాం. సముద్రస్నానం, తీర్థాల స్నానం, మళ్లీ గదికొచ్చి స్నానం. లాడ్జి యజమానిని తప్పుపట్టడం తేలిక. ఇరవైనాలుగు గంటలూ నీళ్లొచ్చే గదే కావాలని అడిగింది మనం.

1964 డిసెంబరులో తుపాను ఒక్క రాత్రిలో ధనుష్కోటిని తుడిచిపెట్టింది. పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజరు రైలు, వందమందికి పైగా మనుషులతో, అలల్లో కలిసిపోయింది. ఆ చోటు నివాసానికి పనికిరాదని ప్రభుత్వం ప్రకటించింది. 2017లో ధనుష్కోటి దాటి అరిచల్‌మునై దాకా రోడ్డు పడింది. ఇప్పుడు కారు దిగి, చర్చి మొండిగోడల ముందు ఫొటోలు దిగి, పోయినవాళ్లను ఒక్క క్షణమైనా తలుచుకోకుండా వెనక్కి తిరుగుతాం. చిప్సు పొట్లం గాలికి ఎగిరిపోతే దాని వెంట వెళ్లం. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం అది. మన పులికాట్‌కు వచ్చే ఫ్లెమింగోలు అక్కడికీ వస్తాయి.

బయల్దేరే ముందు గవ్వలు, శంఖాలు కొంటాం. మెరిసే గవ్వ చాలావరకు ఒడ్డుకు కొట్టుకొచ్చినది కాదు, లోపల ప్రాణం ఉండగా తీసినది. ఎండకూ అలలకూ అరిగి ఒడ్డు చేరినదానికి ఆ మెరుపుండదు. 2001లో పగడాలకూ కొన్నిరకాల గవ్వలకూ వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఇచ్చారు. అయితే పగడపు రాళ్లు తవ్వి తవ్వి మన్నార్ సింధుశాఖలోని 21 చిన్న దీవుల్లో రెండు నీట మునిగిపోయాయి. ఇవన్నీ దుకాణంలో గుర్తుకురావు. ఎక్కడిదని అడగలేదు, ధర తగ్గించమని మాత్రం అడిగాం.

ఆ ఊరివాళ్లు మనల్ని ఏమీ అనరు. మనం వస్తేనే వాళ్ల ఆటో తిరుగుతుంది, కొట్టు నడుస్తుంది. వాళ్ల మొహమాటాన్ని మనం ఒప్పుకోలు అనుకున్నాం. బస్సులు కట్టించేవాళ్లు, సత్రాలు నడిపేవాళ్లు, యాత్రల గురించి రాసే నాలాంటివాళ్లు ఎవరమూ ఈ సంగతులు యాత్రికుల చెవిన వేయలేదు. ఏ తీర్థంలో మునిగితే ఏ ఫలమో మాత్రం శ్రద్ధగా చెప్పాం.

ఈ కార్తీకానికి వెళ్లేవాళ్లకు నా విన్నపం. స్నానం చేసిన బట్టలు పిండి, సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోండి. గదిలో ఒక బకెట్ నీళ్లతో సరిపెట్టుకోండి. గవ్వలు కొనకండి. పక్కవాళ్లు నీళ్లలో బట్ట వదులుతుంటే, వాళ్లు ఎంత పెద్దవాళ్లయినా సరే, వద్దని చెప్పండి.