విగ్రహం వెనక వైపు

నంద్యాల బస్సు దిగి ఆళ్లగడ్డలో నడుస్తుంటే రోడ్డు పక్క షెడ్లలోంచి రాతి దేవుళ్లు చూస్తుంటారు. కొందరికి ఇంకా కళ్లు పడి ఉండవు. ఆంజనేయుడు వెల్లకిలా పడుకుని ఉంటాడు. నంది మూతి గోనెసంచి కింద ఉంటుంది. వాళ్ల నడుమ ఏ ఊరికో పోవాల్సిన నాయకుడొకాయన చెయ్యెత్తి నిలబడి ఉంటాడు. పోయిన నెల అట్లాంటి ఒక షెడ్డులో లక్ష్మీనరసింహస్వామి విగ్రహం చుట్టూ తిరిగి చూశాను. ముందువైపు స్వామి జూలు వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. అమ్మవారి వేలిగోటి మీద ట్యూబులైటు వెలుగు జారుతోంది. వెనక్కి పోతే సంగతే వేరు. కోసిన చేలో మోళ్ల మాదిరి వరుసలు వరుసలుగా ఉలి దెబ్బలు, సగం చెరిగిన ఎర్రమన్ను గీత, సుద్దముక్కతో రాసుకున్న ఏదో కొలత. "వెనక నున్నగా చెయ్యరా?" అని అడిగాను. చెక్కుతున్న పెద్దాయన తలెత్తకుండానే, "ఎనక ఎవురు చూస్చార్లే సామీ, గోడకు ఆనుకునేదే గదా" అన్నాడు.

సినిమాలూ సీరియళ్లూ ఎట్లా తయారయ్యాయో చెప్పే కార్యక్రమాల గురించి ఈ నెల రాయాలని అప్పటికే అనుకుని ఉన్నాను. ఎక్కడ పట్టుకోవాలో తెలియక తిరుగుతున్నవాడికి ఆ మాట దొరికింది.

ఎనభైల్లో దూరదర్శన్‌లో స్టార్ ట్రెక్ వచ్చేది. మా వీధికంతా ఒకటే టీవీ. మిద్దె మీద ఒకడు యాంటెన్నా తిప్పుతుంటే కింద పదిమందిమి "ఆ... ఆ... పోయ్యా, మళ్లా పోయింది" అని అరుస్తుండేవాళ్లం. మాటలు ఒక్కటీ అర్థమయ్యేవి కావు. అందులోని అంతరిక్ష నౌక తలుపులు మాత్రం బాగా అర్థమయ్యాయి. మనిషి దగ్గరికి పోగానే వాటంతటవే పక్కకు జారిపోయేవి. అమెరికావాళ్లు తలుపులకు కూడా బుద్ధి నేర్పించారని మా పిల్లకాయల నమ్మకం. చాలా ఏళ్లకు తెలిసింది, ఆ తలుపుల వెనక మనుషులు నిలబడి తాళ్లతో లాగేవాళ్లట. లాగేవాడు ఒక్క క్షణం పరధ్యానంగా ఉంటే నటుడి ముక్కు చెక్కకు తగిలేదట. ప్రతివారం నౌకను గ్రహం మీద దింపి చూపించడానికి డబ్బుల్లేక, మనుషుల్ని మెరుపుల్లో మాయం చేసి కింద ప్రత్యక్షం చేసే యంత్రం కనిపెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా తలుచుకునే ఆ ఊహకు మూలం ఖాళీ జేబు. అన్నిటికంటే నాకు నచ్చింది ఉప్పు సీసాల కథ. ఉప్పు తినే ప్రాణి వచ్చే ఒక భాగం కోసం సామాను తెచ్చేవాళ్లు సొగసైన ఉప్పు సీసాలు కొనుక్కొచ్చారు. తీరా చూస్తే అవి ఉప్పు సీసాలని జనం గుర్తుపట్టరేమోనని సందేహమొచ్చింది. మామూలువి పెట్టి షూటింగ్ కానిచ్చేసి, సొగసైన వాటిని నౌకలో డాక్టరు చేతికి శస్త్రచికిత్స పరికరాలుగా ఇచ్చేశారు.

ఆ సీరియల్ 1966 నుంచి 1969 వరకు నడిచింది. అది నడుస్తుండగానే, 1968లో, దాని తయారీ మీద ఒక పుస్తకం వచ్చింది. అప్పటికి ఎవరూ అమరులు కాలేదు, సీరియల్ బతుకుతుందో లేదో కూడా తెలియదు. ముప్పై ఏళ్ల తర్వాత పూలదండల మధ్య కూర్చుని చెప్పే జ్ఞాపకాలకూ, ఇంకా రంగు ఆరకముందు రాసుకున్న లెక్కలకూ ఉన్న తేడా ఇక్కడే కనపడుతుంది. జ్ఞాపకాలది విగ్రహం ముందువైపు నునుపు. ఎన్నిసార్లు చెబితే అంత నున్నబడతాయి.

మన దగ్గర ఇట్లాంటి ముచ్చట చెప్పుకోవడానికి టీవీ సీరియల్ కంటే సినిమాయే ఆధారం. సింగీతం శ్రీనివాసరావు తీసిన ఆదిత్య 369 విడుదలైంది 1991 జులై 18న. పి.వి. ప్రధానమంత్రి అయి నెల కూడా కాలేదు. ఆ ఏడాది నవంబరులో ఆయన నంద్యాల ఉపఎన్నికలో ఐదు లక్షల ఎనభై వేల మెజారిటీతో గెలిచి మా ఊరి పేరు దేశమంతా మోగించాడు. ఆ మోతకు ముందు మాకున్న పెద్ద వార్త ఈ సినిమానే. హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన కాలయంత్రం ఊహను తీసుకుని, దాన్ని 1526లో శ్రీకృష్ణదేవరాయల కొలువులో దింపారు. అక్కడ్నించి 2504కు పరుగెత్తించారు. రాయలు తెర మీదికి రాగానే మా ఆళ్లగడ్డ వైపువాళ్ల ఈలలు కొంచెం ఎక్కువగా వినపడ్డాయంటే కారణముంది. వాళ్లకు ఆయన సినిమా రాజు కాదు. 1515లో, కళింగ దండయాత్ర రోజుల్లో, వాళ్ల అహోబిలం వచ్చి స్వామికి నగలు సమర్పించుకుని పోయిన రాజు. శాసనం అక్కడే ఉంది. అక్కడి జయస్తంభం కిందే కూర్చుని అన్నం మూటలు విప్పుకునేవాళ్లకు, రాయల కాలానికి పోవడానికి యంత్రం ఎందుకని కూడా అనిపించి ఉండొచ్చు.

నేను చూసిన ఆటలో యంత్రం రాయల కాలం విడిచి భవిష్యత్తుకు బయలుదేరిందో లేదో, కరెంటు పోయింది. చీకట్లో వెనక బెంచీ నుంచి ఎవరో, "ఫ్యూచర్‌లో గూడా కరెంటు లేదబ్బా!" అన్నారు. హాలంతా నవ్వింది. జనరేటరు అందుకునేదాకా, ఆ పది నిమిషాలూ, మేమందరం 2504 బయట వరండాలో బీడీలూ సోడాలూ తాగుతూ నిలబడ్డాం.

ఆ సినిమాను 4కెలోకి మార్చి 2025 ఏప్రిల్ 4న మళ్లీ విడుదల చేశారు. నంద్యాల జిల్లా పుట్టింది 2022లో అదే తారీకున. ఎవరూ అనుకుని చేసింది కాదులెండి. ఆ సందర్భంగా సభ జరిగింది, ఇంటర్వ్యూలు వచ్చాయి, పాత ఫొటోలు బయటికొచ్చాయి. 93 ఏళ్ల సింగీతం, నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్, హీరో బాలకృష్ణ తమ తమ జ్ఞాపకాలు చెప్పుకొచ్చారు. ఒకే సినిమాకు ముగ్గురు ఛాయాగ్రాహకులు ఎందుకయ్యారంటే, మొదలుపెట్టిన పి.సి. శ్రీరామ్ ఆరోగ్యం సహకరించక తప్పుకోవాల్సి వచ్చింది. రాయల కాలాన్ని వి.ఎస్.ఆర్. స్వామి తీశారు, భవిష్యత్తును కబీర్‌లాల్ తీశారు. అంటే మూడు కాలాలకు మూడు కళ్లు. కావాలని ఏర్పాటు చేసినా ఇంత బాగా కుదిరేది కాదేమో. కళాదర్శకుడు పేకేటి రంగా ఆ యంత్రానికి ఒక ఆకారం ఇచ్చాడు. కంప్యూటర్ గ్రాఫిక్స్ మన దగ్గర లేని రోజులు. తెర మీద ఏది కనపడాలన్నా ఎవరో ఒకరు చేత్తో చేయాల్సిందే. ఆ సినిమా చూడమని చిరంజీవి టీవీలో ప్రచారం చేశాడన్న సంగతి ఇప్పటి కుర్రవాళ్లకు చెబితే, యంత్రం ఎగిరిందంటే నమ్ముతారు గానీ ఇది నమ్మరు.

ఈ జ్ఞాపకాలన్నీ నేను ఇష్టంగానే చూశాను. చూస్తూ, ఆ వేదిక మీద ఎవరెవరు లేరో లెక్కపెట్టుకుంటూ పోయాను. ఈ కథను నిర్మాత దాకా చేర్చి సినిమాను సమర్పించిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 2020లో పోయాడు. వి.ఎస్.ఆర్. స్వామి కూడా లేడు. తెనాలి రామకృష్ణుడు చంద్రమోహన్ 2023లో వెళ్లిపోయాడు. విలన్ అమ్రీష్ పురి పోయి రెండు దశాబ్దాలు. ఇక జంధ్యాల 2001లోనే కన్నుమూశాడు, యాభై ఏళ్ల వయసులో.

జంధ్యాల పేరు దగ్గర ఆగాలి, ఇది సాహిత్య పత్రిక గనక. ఆదిత్య 369కు మాటలు రాసింది ఆయనే. యంత్రం ఎట్లా తిరిగిందో, సెట్టు ఎట్లా వేశారో ఎంతోమంది అడిగారు. ఆ యంత్రంలో కూర్చుని కాలం దాటింది మనుషులే కాదు, తెలుగు కూడా దాటింది. ఒకే స్క్రిప్టులో 1991 నాటి కుర్రవాడి మాట, 1526 నాటి కొలువు మాట, 2504 నాటి మాట రాయాలి. నవ్వించడంలో తిరుగులేని మనిషి, శంకరాభరణానికీ ఆయనే మాటలు రాశాడు. ఆ రెండు చేతులూ ఇక్కడ ఒకేసారి పనిచేయాల్సి వచ్చింది. రాయల నోట ఏ పదం వేయాలో తేల్చుకోవడానికి ఆయన ఏం చదివాడు? ప్రబంధాలా, శాసనాలా, లేక పాత జానపద సినిమాల సంభాషణలా? మన కాలపు మనిషి కొలువులో నోరు విప్పితే అక్కడివాళ్లకు అర్థమవుతుందా అన్న సందేహాన్ని హాస్యంగా మలచాలా, దాటేయాలా అని ఎన్ని కాగితాలు కొట్టేశాడు? ఐదువందల ఏళ్ల తర్వాత తెలుగు ఎట్లా ఉంటుందని ఊహించాడు? ఒక భాషలో రాసుకునేవాడికి ఇంతకంటే సరదా అయిన లెక్క దొరకదు. మేకింగ్ అంటే మన దగ్గర కెమెరా, క్రేను, మేకప్పు. రచయిత బల్ల మీదికి ఏ కెమెరా పోలేదు. పోయినా ఏం కనపడుతుంది, ఒక మనిషి కూర్చుని గోడ చూస్తుంటాడు అంటారు. నిజమే. కొట్టివేతలున్న ఒక్క కాగితం మాత్రం కనపడేది.

ఇంకో వాదన ఉంది, దాన్నీ తేలిగ్గా తీసేయలేను: గుట్టు విప్పితే మాయ పోదా? ఇదే సింగీతం, కమల్‌హాసన్‌తో 1989లో తీసిన సినిమా మనకు విచిత్ర సోదరులుగా వచ్చింది. ఆ పొట్టివాడిని ఎట్లా చూపించారో ఇద్దరూ ఏళ్ల తరబడి నోరు మెదపలేదు. మా వీధిలో దాని మీద పందేలే జరిగాయి. తర్వాత ఎప్పటికో సింగీతమే చెప్పాడు: మడిచిన మోకాళ్లకు ప్రత్యేకంగా చేయించిన బూట్లు తొడిగారు, పక్కనుంచి తీసే షాట్లకు నేలలో మోకాళ్ల లోతు కాలువ తవ్వారు. తెలిశాక మళ్లీ చూశాను. మాయ పోలేదు. ఆ బూట్లతో, ఆ గోతిలో నడుస్తూనే కమల్ మొహంలో ఆ దిగులు ఎట్లా తెచ్చాడా అని ఇంకో ఆశ్చర్యం తోడైంది. తోలుబొమ్మలాట ఆడేటప్పుడు పిల్లలు తెర వెనక్కి దూరి ఆముదం దీపాన్నీ, బొమ్మలాడించే మనిషి చెమటనూ చూసి, మళ్లీ ముందుకొచ్చి కూర్చునేవాళ్లు. ఆట వాళ్లకేం తగ్గలేదు.

ఇప్పటి సంగతి తలకిందులు. కల్కి 2898 ఏడీ విడుదలైంది 2024 జూన్ 27న. దాని తయారీ వీడియోలు 2022 డిసెంబరు ఆఖర్నించే వచ్చాయి. మొదటిది ఒక చక్రం తయారీ మీద. సినిమా రావడానికి ఏడాదిన్నర ముందు చక్రం వచ్చిందన్నమాట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని నవ్వుకున్నాను మొదట. చూశాక నవ్వు తగ్గింది. దర్శకుడు నాగ్ అశ్విన్, ఆయన బృందం ఒక చక్రం కోసం పడ్డ తిప్పలు దాచకుండా చూపించారు. ప్రచారమే కావచ్చు, అయినా రంగు ఆరకముందు తీసిన ప్రచారం. ఇరవై ఏళ్ల తర్వాత ఎవడైనా ఈ సినిమా మీద పుస్తకం రాస్తే, సన్మాన సభల ప్రసంగాల కంటే ఆ వీడియోలే ఎక్కువ పనికొస్తాయి. పైగా ఆ సినిమా వెనకా పెద్దదిక్కుగా సింగీతం ఉన్నాడు. మాయాబజార్ తీసిన కె.వి. రెడ్డి దగ్గర పని నేర్చుకున్న మనిషి కల్కి దాకా వచ్చాడంటే, కాలయంత్రం ఎవరికి కావాలి?

చేసిన పనిని భద్రంగా దాచుకోవడం చేతకానిది మనకొక్కరికే అనుకుంటే పొరపాటు. డాక్టర్ హూ అనే బ్రిటిష్ సీరియల్ 1963 నవంబరు 23న మొదలైంది. దాని తొలి కథకు దర్శకుడు లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్, అప్పటికి 24 ఏళ్లవాడు. అందులోనూ కాలయంత్రమే. అది కదిలేటప్పుడు వచ్చే శబ్దం కోసం బ్రయన్ హాడ్జ్‌సన్ అనే ఆయన పాత పియానో తీగల మీద వాళ్లమ్మ ఇంటి తాళంచెవితో బరికాడు. ఇంత చేసి, బీబీసీ వాళ్లు ఆ టేపుల మీదే వేరే కార్యక్రమాలు ఎక్కించేశారు, ఫిల్ములు పారేశారు. తొలి ఆరేళ్లలో వంద దాకా భాగాలు బొమ్మ లేకుండా పోయాయి. శబ్దం మాత్రం మిగిలింది. ఎట్లాగంటే, ఇళ్లలో కూర్చున్న పిల్లలు టీవీ ముందు టేపురికార్డరు పెట్టి ఎక్కించుకున్నారు. సంస్థ చేతకానితనం నుంచి దాన్ని అభిమానుల పిచ్చి కాపాడింది. ఇవాళ ఆ సీరియల్ మీద వచ్చే ప్రతి జ్ఞాపకాల కార్యక్రమమూ ఆ పిచ్చివాళ్ల టేపులకు బాకీ.

మన జిల్లాలో అట్లాంటి పిచ్చివాళ్లు లేరని కాదు. సినిమా పాటల పుస్తకాలు బైండు చేయించి పెట్టుకున్నవాళ్లు, రీలు ముక్కలు అగ్గిపెట్టెల్లో దాచుకున్నవాళ్లు నాకు తెలుసు. వాళ్ల పెట్టెలు తెరిచేది వాళ్లు పోయాక, మనవళ్లు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు. అప్పటికి ఆ అగ్గిపెట్టెలో ఉన్నది ఏమిటో చెప్పేవాడుండడు.

ఇదంతా తలలో పెట్టుకుని పోయిన వారం మళ్లీ ఆళ్లగడ్డ పోయాను. లక్ష్మీనరసింహస్వామి లేడు, లారీ ఎక్కి ఏదో ఊరు పోయాడట. ఆయన నిలబడ్డ చోట రాతిపొడి మీద చతురస్రంగా అచ్చు మిగిలింది. పెద్దాయన కొత్త రాయి మీద గీతలు గీసుకుంటున్నాడు. గీత నుంచి కళ్లు పడేదాకా, మొదలు నుంచి కొస వరకు వీడియో తీసి పెట్టుకుంటామని అడిగాను. సంతోషంగా ఒప్పుకున్నాడు.

"యా పొద్దు వస్చారో ముందుగాల చెప్పండి సామీ. ఆ పొద్దు మిషను ఆపేసి ఉలితోనే చేస్తాం."

మిషనుతో చేసేది మిషనుతోనే చెయ్యండి పెద్దాయనా, మాకు అదే కావాలి అన్నాను.

ఆయన కొంచెంసేపు ఆలోచించాడు. "మిషను పెడితే ఒగటే దుమ్ము గదా. మా మొగాలు కనపడవే" అన్నాడు.