పనిముట్టును ఎన్నుకొనవలసిన చేయి

జూన్ నెలలో మన జూనియర్ కళాశాలల కార్యాలయములు తెరచినది మొదలు, ఒక విద్యార్థి పేరు ఎన్ని చోట్ల ఎన్ని పర్యాయములు వ్రాయబడునో గమనించినవారు అరుదు. దరఖాస్తులో తండ్రి వ్రాసి యిచ్చిన పేరును గుమాస్తా అడ్మిషన్ రిజిస్టరులోనికి ఎక్కించును. అదియే పేరు ఫీజు రసీదుమీదికి, హాజరు పట్టీలోనికి, గుర్తింపు కార్డుమీదికి పోవును. తెలంగాణమున నైనచో ఉపకారవేతనమునకై ఈపాస్‌లోనికి, పరీక్షలు సమీపించినపుడు నామినల్ రోలులోనికి చేరును. బస్సు పాసునకో బ్యాంకు ఖాతాకో బోనఫైడ్ కావలెనని పిల్లవాడు కిటికీ కడకు వచ్చినప్పుడెల్ల ఆ పేరే మరల టైపు చేయబడును. టీసీ వ్రాసి యిచ్చుదాక ఈ పని తెగదు. నాలుగు వందల మంది చదువుకొను కళాశాలలో ఇద్దరు గుమాస్తాల కాలమును ఇట్టి పునర్లేఖనము ఎంతగా హరించుచున్నదో వారి బల్లల ప్రక్క ఒక పూట కూర్చున్నవారికి బోధపడును. ఇందు బుద్ధికి పని స్వల్పము, వ్రేళ్లకు శ్రమ అపారము, పొరపాటునకు అవకాశము ప్రతి పంక్తియందును కలదు.

ప్రోగ్రాము వ్రాయుట యెరుగనివారు సైతము ఇట్టి పనులను యంత్రమునకు అప్పగింపవచ్చునను మాట నేడు విరివిగా వినవచ్చుచున్నను, ఆ కోరిక నేటిది కాదు. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనువారు విసికాల్క్ అను లెక్కల పట్టికను వెలువరించినపుడే, ఒక గడిలోని అంకె మారినచో దానిపై నాధారపడిన గడులన్నియు తమంతట తామే మారు సౌకర్యము కోడు తెలియని సామాన్యునకు చేతికందెను. 1982లో జేమ్స్ మార్టిన్ ప్రోగ్రామర్లు లేకయే అప్లికేషన్లను నిర్మించుకొను పద్ధతిని గూర్చి ఒక గ్రంథమునే రచించెను. మన కార్యాలయములలోని ఎక్సెలును, గూగుల్ షీట్సును ఆ తొలి పట్టిక సంతతిలోనివే.

ఇప్పుడు ప్రచారములోనున్న సాధనములు ఈ సంతతికి మరియొక శాఖ. 2011లో అమెరికాలో నారంభమైన జాపియర్, ప్రాగ్ నగరమున ఇంటిగ్రోమాట్ అను పేర పుట్టి 2022లో మేక్ అని పేరు మార్చుకొనిన సేవ, మైక్రోసాఫ్ట్ వారి పవర్ ఆటోమేట్, 2019లో బెర్లిన్‌లో వెలసిన ఎన్‌ఎయిట్‌ఎన్, వీని రూపములు వేరైనను మూలసూత్ర మొక్కటియే: ఒక సంఘటన జరిగినంతనే దాని వెంట ఒకటియో అంతకు మించియో చర్యలు జరుగవలెను. గూగుల్ ఫారములో దరఖాస్తు వచ్చి చేరుట సంఘటన. షీటులో నొక వరుస నిండుట, ఆ వరుస నుండి ధ్రువపత్రపు ముసాయిదా తయారగుట, తల్లిదండ్రులకు మెయిలు వెడలుట చర్యలు. తెరమీద గళ్లను గీతలతో కలుపగలిగినవారెవరైనను దీనిని అమర్చగలరు. కష్టమంతయు ఎన్నుకొనుటయందే యున్నది. ఆ ఎన్నిక మన సంస్థలలో తరచుగా తప్పు చోట, తప్పు ప్రశ్నతో జరుగుచున్నదని నా అభిప్రాయము.

అడుగుచున్న ప్రశ్న యెల్లప్పుడును ఒక్కటియే: ఇది ఉచితమేనా? ఆ ప్రశ్నకు వచ్చు సమాధానము నిజమే గాని, అందు సగమే యుండును. జాపియర్ ఉచిత ఖాతాకు నెలకు 100 పనుల హద్దు కలదు. మేక్ వారిది నెలకు 1000. వేయి యనగానే విస్తారముగా తోచును. కాని అచ్చట లెక్కింపబడునది దరఖాస్తు కాదు, దరఖాస్తు వెంట నడచు ప్రతి అడుగును. ఫారమును చదువుట ఒకటి, షీటులో వ్రాయుట రెండు, మెయిలు పంపుట మూడు. నాలుగు వందల దరఖాస్తులకు పండ్రెండు వందల అడుగులు. ప్రవేశములు ముమ్మరముగా సాగు నెలలోనే, ఏ దినమున కార్యాలయము ముందు జనము కిక్కిరిసియుందురో ఆ దినముననే యంత్రము నిలిచిపోవును. సంవత్సరమంతటి సగటును చూచి హద్దు చాలునని తలంచుట మన పనుల స్వభావమునకు సరిపడదు. మన కళాశాలలకైనను, ఎరువుల దుకాణములకైనను, కల్యాణ మండపములకైనను పని యంతయు కొన్ని వారములలో గుంపుగా వచ్చిపడును. కావున హద్దును కొలువవలసినది రద్దీ నెలతో గాని, సంవత్సరపు సగటుతో కాదు.

హద్దు నేడున్నట్లు రేపుండునను భరోసా కూడ లేదు. ఐఎఫ్‌టీటీటీ అను సేవ అనేక వత్సరములు ఉచితముగా నడచిన పిమ్మట, 2020లో చందా పద్ధతిని ప్రవేశపెట్టి, ఉచితముగా వాడువారు తామై నిర్మించుకొను అమరికలను మూటికి పరిమితము చేసెను. అంతకు పూర్వము యాహూ పైప్స్ అను సాధనము 2007లో వెలువడి, వెబ్బులోని సమాచారమును కోడు లేకయే కలిపి వడపోయుటకు ఎందరికో తోడ్పడి, 2015లో మూతపడెను. దానిపై కట్టుకొనిన అమరికలన్నియు దానితోడనే పోయెను. ఆ సంస్థలను నేను నిందించుట లేదు. సర్వర్లకు, జీతములకు ధనము కావలెను గదా. నేను చెప్పునది, ఉచిత సేవయందు ప్రవేశించుటకు ముందే నిర్గమనమార్గమును చూచుకొనవలెననియే. నా పట్టికను సీఎస్‌వీగా దింపుకొనగలనా? నా అమరికను మరియొకచోట తిరిగి కట్టుకొనుటకు సరిపడు వివరము నా యొద్ద నుండునా? ఈ రెంటికిని స్పష్టమైన సమాధానము లేని సాధనము ఎంత ఉచితమైనను ఒక సంస్థకు తగదు.

ఈ కారణము చేతనే, బోనఫైడ్ వంటి పనికి క్రొత్త సేవల కొరకు వెదకుటకు ముందు, ఇదివరకే కంప్యూటరులో నున్న మెయిల్ మెర్జును ఆశ్రయింపుడని చెప్పుదును. 1980ల నాటికే వాడుకలోనికి వచ్చిన ఈ సౌకర్యము నేటి వర్డులోను, డబ్బు లేకుండ దొరకు లిబ్రె ఆఫీసులోను ఉన్నది. పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ, గ్రూపు, అడ్మిషన్ నంబరు ఒక పట్టికలో నొక్కసారి సరిగా నెక్కించి, ధ్రువపత్రపు నమూనాలో ఖాళీలుండవలసిన చోట్ల ఆ గడుల పేర్లు పెట్టినచో, ఒక విద్యార్థికైనను నాలుగు వందల మందికైనను పత్రములు కొద్ది నిమిషములలో సిద్ధమగును. ఇందును జాగ్రత్త పడవలసిన చోట్లు లేకపోలేదు. ఎక్సెలులో 05-06-2009 అని కనబడు పుట్టినతేదీ వర్డులోనికి వచ్చునప్పటికి అమెరికా పద్ధతిలో నెల ముందుకు, దినము వెనుకకు మారి 6/5/2009గా అచ్చు పడుట తరచుగా జరుగును. జూన్ 5న పుట్టిన పిల్లవాడు ఆ పత్రమును చదువువారికి మే 6న పుట్టినవాడగును. పండ్రెండంకెల ఆధార్ సంఖ్య మామూలు గడిలో ఎక్కించినచో మధ్య చుక్కయు చివరి వైపు ఇంగ్లీషు ఈ (E) అక్షరమును చేరి వికృతముగా కనబడును. సున్నతో మొదలగు నంబర్లలో ఆ సున్న కాస్త మాయమగును. ఈ మూటికిని ఒకటే చికిత్స: అంకెలు ఎక్కించుటకు ముందే ఆ నిలువు వరుసను టెక్స్టుగా మార్చుట. ఏ సాధనమును వాడినను ఈ శుద్ధి తప్పదు.

యంత్రము చేతి తప్పును దిద్దదు, దానిని వేగముగా వ్యాపింపజేయును. లక్ష్మి యను పేరు పదవ తరగతి మెమోలో ఇంగ్లీషున కె, ఎస్, హెచ్ అక్షరములతోను, ఆధార్ కార్డులో ఎక్స్ అక్షరముతోను ఉండవచ్చును. ఇంటిపేరు ఒకదానిలో పొడి అక్షరముగా ముందుండి, మరియొకదానిలో పూర్తిగా చివర నుండవచ్చును. చేత వ్రాయు గుమాస్తా ఈ భేదమును చూచి ఆగి, పిల్లను పిలిచి అడుగును. అమరికయో, తనకందిన దానిని అడుగక ముందునకు పంపును. ఇక మన భాషకు సంబంధించిన చిక్కు వేరొకటి కలదు. అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు, తెరమీదను కాగితముమీదను చక్కని తెలుగుగానే కనబడును గాని, కంప్యూటరు లోపల నుండునది వేరే గుర్తుల వరుస. దానిని వెదకుటకును, అకారాదిగా పేర్చుటకును, జాపియర్‌కో మేక్‌కో అందించుటకును వీలు కాదు. కావున యూనికోడులోనికి మార్చని పట్టికతో స్వయంచాలనమునకు పూనుకొనిన కార్యాలయము మొదటి దినముననే చతికిలబడును. ఈ మార్పిడి విసుగు పుట్టించు పనియే. అయినను ఒకసారి చేసినచో మరల అక్కర లేదు.

మరియొక విషయము ధనముకంటె గురుతరమైనది. పిల్లల ఆధార్ సంఖ్య, కులము, తండ్రి ఆదాయము, ఇంటి ఫోను ఈ పట్టికలలో నుండును; ఇంటర్మీడియట్ విద్యార్థులలో పలువురు పదునెనిమిదేండ్లు నిండనివారు, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టము దృష్టిలో బాలలు. వారి వివరములను సుదూరపు సర్వర్ల గుండ నడుపు సేవకు అప్పగించుట గుమాస్తా ఒక మీట నొక్కి తీర్మానింపదగిన సంగతి కాదు. మెయిల్ మెర్జు, లిబ్రె ఆఫీసు, విండోస్ 11తో వచ్చు పవర్ ఆటోమేట్ డెస్క్‌టాపు, ఇవి గది దాటి వివరములు పంపకయే పని చేయగలవు. ఎన్‌ఎయిట్‌ఎన్‌ను సైతము మన కంప్యూటరులోనే నెలకొల్పుకొనవచ్చును. కాని అప్పుడు ఆ యంత్రమును ఆరిపోకుండ కాచుట, నకళ్లు తీయుట, క్రొత్త సంచికలు ఎక్కించుట మనపై పడును. ఆ భారమును మోయు మనిషి సంస్థలో లేనిచో దాని జోలికి పోకుండుటయే మేలు.

ఇంతకును ఎవ్వరెన్నుకొనవలెను? మన వద్ద కరెస్పాండెంటు ఎక్కడనో ప్రదర్శన చూచి ముచ్చటపడి వచ్చును, ప్రిన్సిపాలు తలయూపును, గుమాస్తాకు సోమవారమున ఆజ్ఞ యందును. నా దృష్టిలో ఈ వరుస తలక్రిందులు. వేరొక కళాశాల నుండి నడుమ చేరిన పిల్లవాని అడ్మిషన్ నంబరు ఎట్లు వేయుదురో, రెండవ భాష సంస్కృతము నుండి తెలుగునకు మార్చుకొనినచో ఏ యే కాగితములు దిద్దవలెనో, మూడు వాయిదాలలో ఫీజు కట్టిన కుటుంబమునకు రసీదు ఎట్లు వ్రాయుదురో, ఇవన్నియు నియమావళిలో కానరావు; ఆ బల్ల కడ కూర్చున్న మనిషి జ్ఞాపకమున నుండును. అమరికలు నిలిచిపోవునది ఇట్టి మినహాయింపుల కడనే. కావున ఏ పని యంత్రమునకీయవలెను, ఏది తనవద్ద నుంచుకొనవలెను అను నిర్ణయము ఆ మనిషిదే కావలెను; ప్రిన్సిపాలు చేయవలసినది ఆమెకు నేర్చుకొను కాలమును, తప్పు జరిగినపుడు అండను ఇచ్చుట. తన పని పోవునేమో యను భయము ఆమెకుండుట సహజము. మిగిలిన గంటలు కిటికీ కడ నిలిచిన పిల్లల కొరకేయని, ఉద్యోగము తీసివేయుటకు కాదని యాజమాన్యము ముందుగనే వ్రాతపూర్వకముగా చెప్పిననాడు గాని ఆమె తనకు తెలిసినదంతయు బయట పెట్టదు. మొదటి నెల చేతివ్రాతను, అమరికను ప్రక్కప్రక్కన నడిపి సరిపోల్చుకొనవలెను. ఖాతా గుమాస్తా సొంత జీమెయిలు మీద గాక కళాశాల పేర నుండవలెను. లేనిచో ఆమె బదిలీయో వివాహమో అయి వెళ్లిననాడు అమరికయంతయు ఆమెతో వెడలిపోవును.

ఇక హద్దు దాటుట గూర్చి ఒక మాట. కొన్ని సంస్థలలో ఉచితపు హద్దు నిండగానే వేర్వేరు మెయిళ్లతో రెండవ ఖాతా, మూడవ ఖాతా తెరపించుచున్నారు. దీని వలన ఏ పిల్లవాని వివరము ఏ ఖాతాలో నున్నదో ఎవ్వరికిని తెలియకపోవును. సేవ నియమములకు విరుద్ధమైనచో ఖాతాలన్నియు ఒక్కసారిగా మూతపడవచ్చును. ఆ అపాయము మీద పడునది ఆజ్ఞాపించిన యాజమాన్యముపై గాక, తన పేర ఖాతా తెరచిన గుమాస్తాపై. ఒక అమరిక ఒక విద్యాసంవత్సరము సక్రమముగా నడచి, గుమాస్తా కాలమును మిగిల్చి, హద్దునకు మించి యెదిగినచో, దాని చందాను విద్యుత్తు బిల్లు వలె కళాశాల పద్దులో వ్రాసి చెల్లించుటయే న్యాయము. అంత వ్యయమునకు తగిన ప్రయోజనము లేదని తోచినచో, ఆ భాగమును విరమించి, మెయిల్ మెర్జు చేయగలిగినంత మట్టుకే యంత్రమున కుంచి, మిగిలినది మరల చేతితో వ్రాసుకొనవచ్చును.