ఓటు మానుట తగునా?

ప్రధానాభ్యర్థు లిరువురును నచ్చనప్పుడు కొందరు ఓటర్లు ఇల్లు కదలరు. అంతమాత్రమున ఎన్నిక ఆగదు. వచ్చినవారి తీర్పునకు రానివారును తలయొగ్గవలసినదే. 2004లో కర్ణాటక శాసనసభ ఎన్నికలయందు సంతెమరహళ్లిలో గెలిచిన అభ్యర్థికి 40,752 ఓట్లు, ఓడినవానికి 40,751 ఓట్లు వచ్చినవి. ఇంట కూర్చున్న యొక్కడు కదలినను కథ మారెడిది!

2013లో సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి ఓటింగు యంత్రముపై ‘నోటా’ మీట ఏర్పడినది. అది అసమ్మతిని రహస్యముగా తెలుపును గాని విజేతను మార్పజాలదు. అభ్యర్థులలో అధికముగా ఓట్లు పొందినవాడే గెలుచును. కావున తొలుత అభ్యర్థు లందరి గుణదోషములను తూచవలెను. ఒకింత మేలైనవాడు కానవచ్చినచో వానికే ఓటు వేయుట ఉచితము. ఎవ్వరును తగరని తోచిన నాడు నోటా నొక్కవచ్చును. ఇంట కూర్చున్నవాని మౌనము మాత్రము అసమ్మతియో, సోమరితనమో ఎవ్వరికిని తెలియదు.

బాలబాలికలారా! పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట ఈ పరీక్ష మీకును రాగలదు.