పరామర్శకు వెళ్లి పలుకరాని మాట

కష్టము వచ్చిన యింటికి పరామర్శకు వెళ్లి, "ఏ జన్మలో ఏ పాపము చేసినారో" అని నిట్టూర్చుట మన పల్లెలలో పరిపాటి. ముస్లిము గృహములలో పూర్వజన్మ ప్రసక్తి లేకపోయినను, "ఏదో గునాహ్ జరిగి ఉంటుంది, తౌబా చేసుకో" అను హితవు వినబడుచునే ఉన్నది. చెప్పువారి మనస్సులో కపటము లేకపోవచ్చును. అయినను ఈ హితవు అన్యాయమైనదని మా అభిప్రాయము. ఈ విషయమున యూదుల ధర్మశాస్త్రము గీచిన గీత మిక్కిలి స్పష్టముగా ఉన్నందున, దానిని పాఠకుల యెదుట ఉంచుచున్నాము.

యూదులనగా ఎక్కడివారో అనుకొననక్కరలేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు మండలములోని కొత్తరెడ్డిపాలెమున తెలుగు మాటలాడు యూదులు కలరు. వారు తమను బెనె ఎఫ్రాయిము అని చెప్పుకొందురు. అచ్చట వారి ప్రార్థనా మందిరము 1991లో వెలసినది. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు వారిని గూర్చి వ్రాసిన గ్రంథము 2013లో వెలువడినది. వీరు మాదిగ కులములో పుట్టినవారు. పుట్టుకయే పూర్వపాపఫలమని తరతరములుగా వినవలసి వచ్చిన వారికి, మేము చెప్పబోవు గీత విలువ మనకంటె బాగుగా తెలిసియుండును.

పశ్చాత్తాపమును యూదులు "తెషువా" అందురు. మరలివచ్చుట అని అర్థము. అరబీ "తౌబా"కును అదియే అర్థము. తనకు బాధలు కలిగినపుడు మనిషి తన నడతను తాను పరీక్షించుకొనవలెనని తల్మూదులోని బెరఖోత్ భాగము చెప్పుచున్నది. ఇంతవరకు విని, "మా పెద్దలన్నదీ ఇదే గదా" అని ఎవరైనను అనవచ్చును. కాని ఆ తల్మూదులోనే బావా మెట్సియా అను భాగమున మరియొక నియమము కలదు. జబ్బుపడినవానితో గాని, బిడ్డలను మట్టిచేసినవానితో గాని, యోబు మిత్రులు మాటలాడినట్లు మాటలాడరాదు. బేరములో మోసగించుటకంటె మాటతో గాయపరచుట పెద్ద తప్పని కూడ అచ్చటనే ఉన్నది. యోబు అనగా మన హజ్రత్ అయ్యూబ్ అలైహిస్సలామే. నిరపరాధికి కష్టము రాదని ఆయనతో వాదించిన మిత్రులనే యూదుల గ్రంథమున దేవుడు కడపట మందలించెను.

విద్యార్థులకు వ్యాకరణ పరిభాషలో చెప్పవలెనన్న, "నా తప్పేమి?" అను ప్రశ్న ఉత్తమ పురుషలోనే చెల్లును; మధ్యమ పురుషలోనికి దిగినంతనే అది నేరారోపణ యగును. హజ్రత్ యూనుస్ చేప కడుపులో చేసిన దుఆను మన యిండ్లలో ఆయతె కరీమా అని చదువుదురు. అందులో ఆయన ఒప్పుకొన్నది తన తప్పును మాత్రమే. ఆ యూనుస్ కథనే యూదులు తమ ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ నాటి మధ్యాహ్నము చదువుకొందురు.

రోగిని చూడబోయినపుడు చేయవలసినదేమో బెరఖోత్ ఒక కథగా చెప్పినది. యోహనాన్ అను గురువు పదిమంది కుమారులను పోగొట్టుకొన్నవాడు. శిష్యుడైన హియ్యా జబ్బుపడగా చూడబోయి, ఈ బాధలు నీకు ప్రియములేనా అని అడిగెను. బాధలూ వద్దు, వాని వలన కలుగు ఫలమూ వద్దని శిష్యుడు మొగమాటము లేక చెప్పెను. గురువు ఉపన్యాసమేమియు చేయలేదు. చేయి యిమ్మని అడిగి, పట్టుకొని లేవదీసెను. పిమ్మట గురువే మంచము పట్టగా హనీనా అను మరియొకడు వచ్చి, అట్లే చేయి పట్టి లేపెను. ఇతరులను లేపినవాడు తాను లేవలేడా? చెరలోనివాడు తన్ను తాను విడిపించుకొనలేడని తల్మూదు సమాధానము.

పశ్చాత్తాప నియమములను క్రోడీకరించిన మూసా ఇబ్న్ మైమూన్ 12వ శతాబ్దమున ఈజిప్టులో సలాహుద్దీన్ కొలువున వైద్యుడు. సమాజమునకు వచ్చిన ఆపదను కేవలము యాదృచ్ఛికమని త్రోసివేయుట క్రూరత్వమని ఆయన వ్రాసెను. ఆయన తమ్ముడు దావూదు వ్యాపారార్థము పోవుచు హిందూ మహాసముద్రమున మునిగిపోయెను. అన్న ఏడాదిపాటు మంచము పట్టెను. అంతటి శాస్త్రకారుడును తన లేఖలో తమ్ముని పుణ్యాత్ముడనియే పేర్కొన్నాడు.

మరి ఆపద ఊరందరిదైనపుడు పరీక్ష ఎవరితో మొదలు కావలెను? వానలు లేక యర్రగొండపాలెము వంటి మెట్టప్రాంతముల ముస్లిములు మైదానములో ఇస్తిస్ఖా నమాజు చేయుదురు. ప్రాచీన యూదులును అనావృష్టి నాడు ధర్మగ్రంథపు పెట్టెను ఊరి బయలులోనికి తెచ్చి ఉపవాసముండెడివారు. అపుడు బూడిదను ముందుగా పెట్టెపైన, పిమ్మట జాతి పెద్ద తలపైన, న్యాయసభాధ్యక్షుని తలపైన ఉంచవలెను. సామాన్యుని వంతు ఆ తరువాతనే. ఈ వరుస మాకు ఎంతయో నచ్చినది. ఫ్లోరైడు రోగము నాటి నెల్లూరు జిల్లాలో ఉన్నట్లు 1937లోనే వెల్లడియైనది. ఆ జిల్లాలోని కనిగిరి, పొదిలి ప్రాంతములు 1970లో నేటి ప్రకాశము జిల్లాలో చేరినవి. బోరునీరు త్రాగి పండ్లు గారపట్టి, నడుము వంగినవానితో "నీ కర్మ" అనుట సులభము. మంచినీరు అందింపవలసినవారి తలపైకి బూడిద చేరుటయే కష్టము.

యోమ్ కిప్పూర్ ఉపవాసము దేవుని యెడల చేసిన తప్పులకే ప్రాయశ్చిత్తమనియు, తోటివాని యెడల చేసిన తప్పు అతనిని ప్రసన్నుని చేసుకొనిన గాని తీరదనియు మిష్నా శాసించినది. మన హుఖూఖుల్ ఇబాద్ ఇదియే. మంచము ప్రక్కన పలికిన కఠినమైన మాటయు ఈ లెక్కలోనిదే గనుక, క్షమాపణ అడుగవలసినది ఆ రోగినే. అతడు అంతకుముందే గతించినచో, పదిమందిని వెంటబెట్టుకొని సమాధి కడకు పోయి, వారి యెదుట తన తప్పు చెప్పుకొనవలెను.