రాజ్ రెడ్డి ఏ ఐఐఐటీ మనిషి?

కృత్రిమ మేధ మాట వస్తే చాలు, మన పత్రికలకు రాజ్ రెడ్డి పుట్టిన కాటూరు గుర్తొస్తుంది. శ్రీకాళహస్తి దగ్గరి పల్లె, స్టాన్‌ఫర్డ్, 1994 ట్యూరింగ్ అవార్డు, ఒక పాత ఫొటో. అక్కడితో సరి. ఐఐఐటీల ప్రస్తావన వచ్చిందా, గచ్చిబౌలి, ఇడుపులపాయ, శ్రీసిటీ మూడింటినీ ఒకే గాటన కట్టేస్తారు. తిరుపతిలో తిరుచానూరు రోడ్డులో ఫ్లెక్సీలు కట్టే కోచింగ్ సెంటర్లు ఆ పని చేశాయంటే వ్యాపారం అనుకోవచ్చు. సంపాదకులకేమైంది?

రాజ్ రెడ్డి, అంటే దబ్బాల రాజగోపాల్ రెడ్డి, కంప్యూటర్ చదువు చదివి కంప్యూటర్లలోకి వచ్చినవారు కాదు. మద్రాసు గిండీలో 1958లో సివిల్ ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకున్నారు. ఇంటికి దగ్గరి తిరుపతిలో ఎస్వీయూ ఇంజినీరింగ్ కాలేజీ తెరిచిందే ఆ మరుసటి ఏడాది. కంప్యూటర్‌తో పరిచయం ఆస్ట్రేలియాలో. అక్కడే ఎంటెక్, ఆపైన ఐబీఎంలో ఉద్యోగం. 1966లో జాన్ మెకార్తీ దగ్గర పీహెచ్‌డీ, 1969 నుంచి కార్నెగీ మెలన్‌లో యంత్రానికి మాట తెలిసేలా చేసే పని. ఇదంతా అందరూ రాసేదే.

ఎవరూ రాయనిది పారిస్. 1980ల తొలినాళ్లలో ఫ్రెంచ్ రచయిత, రాజకీయవేత్త సర్వన్-ష్రైబర్ అక్కడ పెట్టిన కంప్యూటర్ కేంద్రానికి ఆయన ముఖ్య శాస్త్రవేత్త. పేద దేశాల పిల్లల చేతికి కంప్యూటర్ ఇస్తే ఏమవుతుందో చూడాలన్నది ఆ కేంద్రం ఆశయాల్లో ఒకటి. సెనెగల్ బడుల్లో ప్రయత్నించారు కూడా. 1984లో ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తెరాఁ ఆయనకు లీజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది ఈ పనికే. ఇడుపులపాయ ఐఐఐటీ వేరు అక్కడుందని నా నమ్మకం.

ఇక చట్టం సంగతి. గచ్చిబౌలిలో 1998లో మొదలైన హైదరాబాద్ ఐఐఐటీ లాభాపేక్ష లేని ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం. 2001లో డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చింది. దాని పాలక మండలికి రాజ్ రెడ్డి అధ్యక్షత వహించారు. శ్రీసిటీది 2013 నాటి పుట్టుక. కేంద్రం 50, రాష్ట్రం 35, పరిశ్రమ 15 శాతం పెట్టుబడి. 2017 కేంద్ర చట్టంతో జాతీయ ప్రాముఖ్య సంస్థ. ఈ రెండు చోట్లా బీటెక్‌కు జేఈఈ ప్రధాన ద్వారం. ఇడుపులపాయ, నూజివీడు, బాసరలది 2008 నాటి రాష్ట్ర చట్టం; అవి రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్ (ఆర్జీయూకేటీ) ప్రాంగణాలుగా పుట్టాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు గవర్నరే ఛాన్సలర్ కావడం ఆనవాయితీ. ఇక్కడ తొలి ఛాన్సలర్ కుర్చీలో రాజ్ రెడ్డిని కూర్చోబెట్టారు. అది అలంకారం కాదు. పదో తరగతి పాసైన పల్లె పిల్లను మార్కులు చూసి తీసుకోవడం, హాస్టల్లో పెట్టి ల్యాప్‌టాప్ ఇచ్చి ఆరేళ్లు చదివించడం ఆయన ఊహకు చట్టం తొడిగిన రూపం. గ్రేడ్ల రోజుల్లో, రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ బడిలో చదివిన పిల్లకు గ్రేడ్ పాయింట్ల మీద 0.4 కలపడం అందులో గుండెకాయగా ఉండేది. అంకె చిన్నదే గానీ, అందరికీ పదికి పది వచ్చే కాలంలో జెడ్పీ హైస్కూలు పిల్ల జాబితాకెక్కడమో, ఇంటికి పోవడమో దాంతోనే తేలేది.

2020, 2021లో కోవిడ్ వల్ల పదో తరగతి పరీక్షలు ఆగితే ఆంధ్రప్రదేశ్‌లో ఆర్జీయూకేటీ సెట్ అనే ప్రవేశ పరీక్ష పెట్టారు. అప్పటికి తప్పలేదు. తర్వాత మళ్లీ మెరిట్‌కే వచ్చారు. అయినా 'ప్రమాణాల' పేరుతో ప్రవేశ పరీక్ష కావాలనేవాళ్లు లేకపోలేదు. ఆ దారిని చట్ట సవరణతోనే మూసేయాలి. రాజ్ రెడ్డి పుట్టిన జిల్లాలో ఇవాళ ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది, శ్రీసిటీలో ఐఐఐటీ ఉంది, రెండింటికీ జేఈఈ ర్యాంకే కావాలి. ఆయన ఊహించిన రకం ప్రాంగణం కోసం మాత్రం కాటూరు పిల్ల కడప జిల్లాకు పోవాలి. పదో తరగతి మార్కులను నమ్మలేమంటారా, కొంత నిజమే. అయితే పేపర్లు దిద్దే పద్ధతిని బాగు చేయండి. దానికి విరుగుడుగా ఎనిమిదో తరగతి నుంచే కోచింగ్‌కు డబ్బు కట్టగల ఇంటికి సీటు అప్పజెప్పడం ఏ ప్రమాణం?