ఆసియా క్రీడల టెన్నిస్: పతకం దేశానిది, మూల్యం ఆమెది

క్రీడల గురించి స్త్రీల హక్కుల పత్రికలో చర్చ ఎందుకని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. అందులోనూ టెన్నిస్ గురించి. క్లబ్బుల్లో సభ్యత్వం వున్నవాళ్ళు, కోచ్‌కి ఫీజు కట్టగలవాళ్ళు ఆడే ఆట అని మనలో చాలామందికి దాని మీద ఆసక్తి లేదు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయినా ఆసియా క్రీడల్లో ఈ ఆట నడిచిన దారిని చూస్తే మన ఉద్యమాలకు ఎప్పుడూ ఎదురయ్యే ప్రశ్నే మళ్ళీ ఎదురవుతుంది. నియమాల పుస్తకంలో స్త్రీపురుషులకు సమాన స్థానం వుంటే సరిపోతుందా? ఆ స్థానం దాకా ఆడపిల్ల నడిచే దారి మాటేమిటి? అక్కడికి చేరాక ఆమె మాటకు దక్కే విలువ మాటేమిటి?

ముందు చరిత్ర చూద్దాం. ఆసియా క్రీడలు 1951లో ఢిల్లీలో మొదలయ్యాయి. అప్పుడుగానీ, 1954లో మనీలాలోగానీ టెన్నిస్ లేదు. 1958లో టోక్యోలో దాన్ని చేర్చారు. ఒలింపిక్స్‌లో 1924 తర్వాత తీసేసిన టెన్నిస్‌ని మళ్ళీ పతకాల పోటీగా తెచ్చింది 1988లో. అంటే ఒలింపిక్స్ తిరిగి తలుపు తెరవడానికి 30 ఏళ్ళ ముందే ఆసియా ఈ ఆటకు చోటిచ్చింది. టోక్యోలో పెట్టిన పోటీలు అయిదు. పురుషులకు సింగిల్స్, డబుల్స్. స్త్రీలకు సింగిల్స్, డబుల్స్. ఇద్దరూ కలిసి ఆడే మిశ్రమ డబుల్స్. మొదటి రోజునుంచే స్త్రీలకూ పురుషులకూ సమానంగా పోటీలున్నాయి. 1970లో ఒక్కసారి తప్ప ఆ తర్వాత ప్రతి ఆసియా క్రీడల్లోనూ టెన్నిస్ వుంది.

దీని విలువ తెలియాలంటే పక్క ఆటల్ని చూడాలి. అదే టోక్యోలో పురుషుల హాకీ కూడా మొదలయింది. మహిళల హాకీ మాత్రం 1982 ఢిల్లీ క్రీడల దాకా, అంటే 24 ఏళ్ళు ఆగాల్సి వచ్చింది. పెట్టిన మొదటిసారే మన అమ్మాయిలు స్వర్ణం గెలిచారు. మన పల్లెల ఆట కబడ్డీ పురుషులకు 1990లో బీజింగ్‌లో వచ్చింది. స్త్రీలకు 2010లో గ్వాంగ్‌జౌలో వచ్చింది. మధ్యలో ఆ 20 ఏళ్ళూ ఆడపిల్లలు బడుల్లో, హాస్టళ్ళలో, ఊళ్ళలో కబడ్డీ ఆడుతూనే వున్నారు. వాళ్ళకూ పోటీ పెట్టాలన్న ఆలోచన నిర్ణయాలు చేసేవాళ్ళకే రాలేదు.

టెన్నిస్‌లో తలుపు మొదటే తెరిచి వుండబట్టి ఆసియా స్త్రీలు దాన్ని బాగా వుపయోగించుకున్నారు. 1966లో బ్యాంకాక్‌లో ఇండొనేసియా క్రీడాకారిణులు లనీ కలిగిస్, లీటా లియెం డబుల్స్ స్వర్ణం గెలిచారు. సింగిల్స్‌లో 1994లో జపాన్‌కు చెందిన కిమికో దాతె, 1998లో ఇండొనేసియాకు చెందిన యాయుక్ బసుకి, 2002లో ఉజ్బెకిస్తాన్‌కు చెందిన ఇరోదా తుల్యగనోవా గెలిచారు. 2006 నుంచి 2023 దాకా వరసగా అయిదుసార్లూ సింగిల్స్ స్వర్ణం చైనా స్త్రీలదే.

మరి మనం? మహిళల సింగిల్స్‌లోగానీ, మహిళల డబుల్స్‌లోగానీ 2023 దాకా మన దేశానికి స్వర్ణం లేదు. 2006లో దోహాలో సానియా మీర్జా సింగిల్స్ ఫైనల్ చేరి చైనాకు చెందిన ఝెంగ్ జీ చేతిలో ఓడింది. 2018లో అంకితా రైనా సింగిల్స్ కాంస్యం తెచ్చింది. మన స్త్రీలు గెలిచిన మూడు స్వర్ణాలూ మిశ్రమ డబుల్స్‌లోనే. 2006లో లియాండర్ పేస్‌తో కలిసి సానియా, 2014లో సాకేత్ మైనేనితో కలిసి సానియా, 2023లో హాంగ్‌జౌలో రోహన్ బోపన్నతో కలిసి రుతుజా భోసలే గెలిచారు.

పక్కన మగవాడుండబట్టే గెలిచారని దీన్ని వ్యాఖ్యానించేవాళ్ళుంటారు. మనం చూడాల్సింది వేరే విషయం. మిశ్రమ డబుల్స్‌లో స్త్రీ లేకుండా జట్టే లేదు. సగం చోటు ఆమెదని నియమమే చెబుతోంది. పంచాయతీల్లో మూడోవంతు స్థానాలు స్త్రీలకు కేటాయించినప్పుడు ఏం జరిగిందో మనకు తెలుసు. చోటు ఖాయమైన దగ్గర స్త్రీలు నిలబడ్డారు, గెలిచారు. మగవాళ్ళ సింగిల్స్ కోసం, డబుల్స్ కోసం తరతరాలుగా పెట్టిన ఖర్చు, శిక్షణ, శ్రద్ధ ఆడపిల్లల మీద పెట్టని దేశంలో, ఇద్దరూ కలిసి ఆడే పోటీలోనే ఆమెకు స్వర్ణం దక్కడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఆ సగం చోటు మీద కూడా పెత్తనం ఎవరిది? 2012 లండన్ ఒలింపిక్స్ ముందు మగ ఆటగాళ్ళ మధ్య తగాదా వచ్చింది. ఎవరు ఎవరితో ఆడమన్నారో దేశమంతా చదివింది. అలిగిన ఒక ఆటగాణ్ణి బుజ్జగించడానికి అతనికి మిశ్రమ డబుల్స్‌లో సానియాను జోడీగా చూపించారు. ఆమెను అడగలేదు. తనను ఎరగా వాడారని ఆమె బహిరంగంగానే ప్రకటన ఇచ్చింది. అప్పటికి ఆమె గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళు గెలిచిన క్రీడాకారిణి. అంతటి ఆమెనే మగవాళ్ళ రాజీలో బేరపు వస్తువుగా చూడగలిగారంటే జిల్లా స్థాయిలో ఆడే 15 ఏళ్ళ పిల్ల పరిస్థితి ఎలా వుంటుందో ఊహించుకోవచ్చు.

ఆసియా క్రీడల్లో సానియా పతకాలు ఎనిమిది. 2002లో బుసాన్‌లో మిశ్రమ డబుల్స్ కాంస్యం గెలిచేనాటికి ఆమెకు ఇంకా 16 నిండలేదు. 2010లో సింగిల్స్ కాంస్యం, మన తెలుగువాడే అయిన విష్ణువర్ధన్‌తో మిశ్రమ డబుల్స్ రజతం గెలిచింది. ఇంత చేసిన మనిషికి దారిలో ఎదురైనవి ఏమిటి? చిన్నప్పుడు హైదరాబాద్‌లో పేడతో అలికిన కోర్టుల మీద ఆడింది. ఎండలో ఆడితే నల్లబడతావు, ఎవరూ పెళ్ళి చేసుకోరు అన్న మాటలు విన్నది. ఆమే చెప్పిన సంగతులివి. 2005లో ఆమె వేసుకునే స్కర్టు మీద ఒక మతపెద్ద అభ్యంతరం ప్రకటించాడు. కోల్‌కతా టోర్నమెంటులో పోలీసు కాపలా మధ్య ఆడాల్సి వచ్చింది. ఆమె సర్వీసు గురించి రాసిన దానికంటే బట్టల గురించి పత్రికలు రాసిందే ఎక్కువ.

2010లో ఆమె పాకిస్తాన్ క్రికెటర్‌ని పెళ్ళి చేసుకుంది. 2014 జులైలో కొత్త తెలంగాణ రాష్ట్రానికి ప్రచారకర్తగా నియమిస్తే, ఆమె పాకిస్తాన్ కోడలని, ఆ గౌరవానికి అర్హురాలు కాదని ఒక శాసనసభ్యుడు అన్నాడు. ఆడపిల్ల అంటే 'ఆడ' పిల్లే, 'ఈడ' పిల్ల కాదని మన ఇళ్ళలో ఎన్నోసార్లు విన్న మాటే అది. పెళ్ళయితే పుట్టింటి మీద హక్కు పోతుందన్న భావన ఇల్లు దాటి దేశం దాకా పాకింది. ఏ మగ ఆటగాడి దేశభక్తినైనా అతని అత్తవారి ఊరుని బట్టి కొలిచారా? ఆ మాటలన్న రెండు నెలలకే ఇంచియాన్‌లో ఆసియా క్రీడలు జరిగాయి. ఆ క్రీడల్లో గెలిస్తే టెన్నిస్ ర్యాంకింగ్ పాయింట్లు రావు, ప్రైజ్‌మనీ వుండదు. అందుకే మన మగ ఆటగాళ్ళలో పేరున్నవాళ్ళు కొందరు ఆసారి వెళ్ళలేదు. సానియా వెళ్ళింది. స్వర్ణంతో, ఇంకో కాంస్యంతో తిరిగి వచ్చింది. ఇలా పతకం తెచ్చి తన దేశభక్తిని రుజువు చేసుకోవాల్సిన అవసరం ఏ స్త్రీకీ వుండకూడదన్నదే మన వాదన.

వయసు, మాతృత్వం విషయంలోనూ ఇంతే. 1994 విజేత కిమికో దాతె 26 ఏళ్ళకే ఆట మానేసి, 37 ఏళ్ళకు మళ్ళీ రాకెట్ పట్టింది. 2010లో 40 ఏళ్ళ వయసులో ఆసియా క్రీడల సింగిల్స్ కాంస్యం గెలిచింది. సానియా 2018 అక్టోబరులో తల్లయి, 2020 జనవరిలో తిరిగి వచ్చిన మొదటి టోర్నమెంటులోనే డబుల్స్ టైటిల్ గెలిచింది. పెళ్ళి, పిల్లలతో ఆడదాని ఆట అయిపోయిందనే మాటను వీళ్ళిద్దరూ పూర్వపక్షం చేశారు. కానీ ఇంట్లో చెయ్యందించేవాళ్ళు, చేతిలో డబ్బు వున్నవాళ్ళకే అది సాధ్యమైంది. మిగతావాళ్ళు మధ్యలోనే రాలిపోతున్నారు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయం, మనం తప్పక మాట్లాడాల్సినది. 1990 శరత్కాలంలో బీజింగ్‌లో ఆసియా క్రీడలు జరిగాయి. దానికి కొద్ది వారాల ముందు, ఆగస్టులో, హర్యానాలోని పంచ్‌కులాలో 14 ఏళ్ళ టెన్నిస్ క్రీడాకారిణి మీద రాష్ట్ర టెన్నిస్ సంఘం అధ్యక్షుడే లైంగిక వేధింపుకు పాల్పడ్డాడు. అతను పోలీసు ఉన్నతాధికారి కూడా. ప్రత్యేక శిక్షణ ఇప్పిస్తానని ఆశపెట్టాడు. ఫిర్యాదు చేసినందుకు ఆ పిల్లను బడిలోంచి పంపేశారు. అన్న మీద దొంగతనం కేసులు పెట్టారు. 1993లో ఆమె ఆత్మహత్య చేసుకుంది. ఆమె స్నేహితురాలు, ఆ స్నేహితురాలి తల్లిదండ్రులు పట్టు వదలకుండా కోర్టుల చుట్టూ తిరిగితే 2009 డిసెంబరులో పడిన శిక్ష ఆరు నెలల జైలు, 1000 రూపాయల జరిమానా. పై కోర్టు దాన్ని 18 నెలలకు పెంచింది. 2016లో సుప్రీంకోర్టు నేరాన్ని నిర్ధారించి, అప్పటికే అనుభవించిన జైలుతో సరిపెట్టింది. ఆ పిల్ల ఏ క్రీడలకు ఎంపికయ్యేదో మనకు ఎప్పటికీ తెలియదు.

గెలిచినవాళ్ళకైనా రక్షణ వుందా అంటే, అదీ లేదు. 2010 గ్వాంగ్‌జౌ క్రీడల్లో సింగిల్స్ స్వర్ణం గెలిచిన చైనా క్రీడాకారిణి పెంగ్ షువై 2021 నవంబరులో ఒక మాజీ ఉప ప్రధాని తనను లైంగికంగా బలవంతపెట్టాడని రాసింది. ఆ రాత గంట తిరగకుండా మాయమైంది. ఆమె కూడా కొన్ని వారాలు బయట కనిపించలేదు. తర్వాత, తన మాటను తప్పుగా అర్థం చేసుకున్నారని చెప్పింది. మహిళా టెన్నిస్ సంఘం చైనాలో పోటీలు నిలిపేసింది. కోరిన స్వేచ్ఛాయుత విచారణ జరగకుండానే 2023లో తిరిగి మొదలుపెట్టింది. ఆ ఏడాదే హాంగ్‌జౌలో ఆసియా క్రీడలు ఘనంగా జరిగాయి. పతకం మెడలో వేసినప్పుడు ఆమె దేశానికి గర్వకారణం. నోరు విప్పినప్పుడు దేశానికి ఇబ్బంది. అదే 2023లో మన కుస్తీ క్రీడాకారిణులు జంతర్‌మంతర్ దగ్గర కూర్చున్నప్పుడు చూసింది కూడా ఇదే. వాళ్ళలో ఆసియా క్రీడల స్వర్ణ విజేత వినేశ్ ఫోగట్ వుంది.

అందుకే మన పని పతకాలకు చప్పట్లు కొట్టడంతో ఆగకూడదు. చేతిలో ఒక చట్టం వుంది. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం స్టేడియాలనూ, క్రీడా శిక్షణ సంస్థలనూ, పోటీలు జరిగే మైదానాలనూ పని ప్రదేశాలుగానే పేర్కొంది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో ఫిర్యాదుల కమిటీ వుండాలి. దానికి స్త్రీ అధ్యక్షత వహించాలి. సభ్యుల్లో సగమైనా స్త్రీలుండాలి. స్త్రీల సమస్యల మీద పనిచేసే సంస్థనుంచి బయటి సభ్యులొకరు వుండాలి. అంతకంటే చిన్న సంస్థల వాళ్ళు జిల్లా స్థాయి కమిటీకి వెళ్ళవచ్చు. మైనర్ పిల్లలకు 2012 పోక్సో చట్టం వుంది. అయినా సగానికి పైగా జాతీయ క్రీడా సంఘాల్లో ఈ కమిటీలు సక్రమంగా లేవని 2023లో వార్తలు వచ్చాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసులు ఇవ్వాల్సి వచ్చింది.

బయటి సభ్యురాలి కుర్చీ మన సంస్థలదే. దాన్ని అడిగి తీసుకోవాలి. మీ జిల్లా స్టేడియంలో, క్రీడా పాఠశాలలో, టెన్నిస్ అకాడమీలో కమిటీ వుందా, సభ్యుల పేర్లు గోడ మీద రాశారా అని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఆడపిల్లలకు బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి, సాయంత్రం వెలుతురు, మహిళా కోచ్ వున్నారేమో వెళ్ళి చూడండి. 13 ఏళ్ళకు ఆడుతున్న పిల్లల్లో 16 ఏళ్ళకు ఎంతమంది మిగిలారో లెక్క అడగండి. మధ్యలో మానేసినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఎందుకు మానేశారో వినండి. గురుకులాల్లో, ప్రభుత్వ బడుల్లో చదివే దళిత, ఆదివాసీ, ముస్లిం బాలికలకు కోర్టు మీద అడుగుపెట్టే వీలు కల్పించమని క్రీడా శాఖను నిలదీయండి.

1958లో టోక్యోలో స్త్రీలకు సగం పోటీలు కేటాయించడానికి ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయం తీసుకున్నారు. మన జిల్లా స్టేడియాల్లో ఆ నిర్ణయాలు ఇంకా తీసుకోవాల్సే వున్నాయి. అవి తీసుకునే బల్ల దగ్గర మనమూ కూర్చోవాలి.